దొరసాని కుర్చీ

"ఆ కుర్చీ ఈ ఇంట్లోకి వచ్చిందంటే నేను బయటికి పోతా. అమ్మను మీరే మోసుకోండి," అన్నాడు ఫ్లోరిస్.

అతని చెల్లెలు సొఫాయా పొయ్యి మీంచి ఇస్త్రీపెట్టె దించి, తడివేలితో అడుగు తాకి చూసింది. చుయ్యిమంది. బల్ల మీద స్టేషను మాస్టరు నొర్టియే గారింటి దిండు గలీబు పరిచి ఉంది.

పక్కగది తలుపు తీసే ఉంది. మంచం మీద వాళ్లమ్మ రాకెల్. తెల్లవారుజామున పోయింది. సీనా పిన్నీ సొఫాయా కలిసి స్నానం చేయించారు, దవడకు గుడ్డ కట్టారు, చర్చికి వేసుకునే నల్ల గౌను తొడిగారు.

"అమ్మ అట్లా పడుంటే ఇస్త్రీ ఏంటే నీకు?" అంది సీనా పిన్ని.

"ఇది అమ్మ ఉతికిన మూట. చేత్తో ఇచ్చి రావాలి. ఉత్తచేతుల్తో పోతే ఎందుకొచ్చావంటుంది ఆ పెద్ద దొరసాని. మూటతో పోతే అనదు."

"అంటే అక్కకి చెప్పొస్తావన్నమాట," అన్నాడు ఫ్లోరిస్.

"చెప్పొద్దా? కన్నతల్లి కదన్నా."

"మనకు కన్నతల్లి. దానికి చాకలిది."

సీనా పిన్ని లేచి వీధి తలుపు మూసింది. రైలు పట్టాలవతలి ఈ పేటలో గోడలన్నీ రేకులే. ఇక్కడ దగ్గితే అవతల వినపడుతుంది. రాకెల్ పెద్దకూతురు మార్తీ తెల్లదానిగా చలామణీ అవుతున్న సంగతి పేటలో సగం మందికి తెలుసు. ఎవరూ ఎవరితోనూ అనరు.

"నెమ్మదిగా మాట్లాడు," అంది పిన్ని. "నీ కోపం నిజమే. కానీ అది ఎట్లా రావాలి చెప్పు? కూతురిలా ఏడుస్తూ వస్తే రేపు పోలీసులొస్తారు. తెల్లోణ్ని చేసుకున్న ఆ పెళ్లే నేరమంటారు. పిల్లలిద్దర్నీ తెల్లోళ్ల బడిలోంచి గెంటేస్తారు. దొరసానిలా వస్తే ఎవరూ ఏమనరు. ఈ ఊళ్లో పనిమనిషి చస్తే దొరసానులు రావడం ఉన్నదే కదా. కుర్చీ వేస్తాం, కూర్చుంటుంది, చూసుకుంటుంది, పోతుంది."

"అదే పిన్నీ నేననేది. అమ్మ తల దగ్గర చేతుల కుర్చీ వేస్తారు. అందులో అది కూర్చుంటుంది. నేను గోడకానుకుని, టోపీ చేత్తో పట్టుకుని, 'దయచేశారు దొరసానీ' అనాలి. నా అక్కని!"

"అమ్మ అనలేదా? ప్రతి సోమవారం అనలేదా?"

"అంది. అనీ అనీ చచ్చింది." ఫ్లోరిస్ గొంతు తగ్గించాడు. "సాక్ నది దగ్గర మనకు ఇల్లుండేది. రెండు మేకలుండేవి. దాని మొగుణ్ని ఈ డోరింగ్‌హూక్‌కి స్టేషను మాస్టరుగా వేశారని తెలిసి, అమ్మ అన్నీ వదిలేసి ఇక్కడికొచ్చింది. దేనికి? దాని వెనక తలుపు దగ్గర నిలబడి మురికిబట్టలు తీసుకోడానికి. ఆయన కింద నేను బొగ్గెత్తుతున్నా. 'ఏయ్ ఫ్లోరిస్, మూడో వ్యాగన్' అంటాడు. మా బావ!"

అని నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

సొఫాయా గలీబు మడిచి మూటలో పెట్టింది. చిన్నపిల్లల గలీబులు అమ్మ ఎప్పుడూ ఆఖర్న ఉతికేది, వేరే నీళ్లలో. మనవలని చేత్తో తాకింది అంతవరకే.

"నువ్వేమంటావే?" అన్నాడు ఫ్లోరిస్. "అది రావాలా, వద్దా?"

సొఫాయా ఆలోచించింది. పదేళ్లుగా అమ్మ కాళ్లు పట్టింది తను. దగ్గుకు లేచింది తను. అక్క రావాలని ఉంది. వచ్చాక ఆ కుర్చీలో కూర్చోలేక కిందపడి ఏడవాలనీ ఉంది. ఆ రెండోది మనసులోకి వచ్చినందుకు ఆమెకు భయమేసింది.

"నాకు తెలీదు," అని మూట నెత్తికెత్తుకుంది.

నొర్టియే గారి వంటింట్లో మార్తీ అత్తగారు, పెద్ద దొరసాని, చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. మార్తీ పొయ్యి దగ్గర గుమ్మడికాయ కలుపుతోంది. సొఫాయా గడప బయటే ఆగి మూట దించింది.

"ఇవాళ శుక్రవారం కదా?" అంది పెద్ద దొరసాని. "మీ అమ్మేది?"

"అమ్మ పోయిందమ్మగారూ. తెల్లారగట్ల."

మార్తీ చేతిలో గరిటె ఆగింది. తరవాత మళ్లీ కదిలింది. వెనక్కి తిరగలేదు.

"అయ్యయ్యో," అంది పెద్ద దొరసాని. కాయ గిన్నెలో పడేసింది. "మంచిది పాపం. నోరెత్తేది కాదు. మరి సోమవారం ఎవరొస్తారు? నువ్వొస్తావా?"

"వస్తానమ్మగారూ."

"నీకు గంజి పెట్టడం వచ్చా? మీ అమ్మలా పెట్టాలి. మార్తీ, ఆ గుమ్మడికాయ అడుగంటుతోంది, వాసనొస్తోంది చూడు. దించేసి, కొట్టుగదిలోంచి దీనికి కాఫీపొడి, చక్కెర పొయ్యి. చావింటికొచ్చేవాళ్లకి కాఫీ ఇవ్వకపోతే వాళ్లలో తప్పు పడతారు."

మార్తీ గిన్నె దించి కొట్టుగదిలోకి వెళ్లింది. సొఫాయా బయటినుంచి చుట్టూ తిరిగి ఆ గది కిటికీ దగ్గరికి వెళ్లింది. కిటికీకి దోమల జాలీ ఉంది. లోపల అక్క మొహం సరిగా కనపడలేదు.

"బాధపడిందా?" అంది మార్తీ.

"లేదు. నిద్దట్లోనే."

"నన్ను అడిగిందా?"

"నిన్న అడిగింది. నీ చిన్నదానికి దగ్గు తగ్గిందా అని."

మార్తీ చక్కెర సంచిలో పోస్తోంది. సంచి నిండిపోయి బయటికి పోతున్నా పోస్తూనే ఉంది.

"ఎప్పుడు?"

"రేపు మూడింటికి."

"నేను రాలేను సొఫీ. కూర్చోలేను అక్కడ."

"రావద్దు అయితే."

"ఫ్లోరిస్ ఏమన్నాడు?"

"కుర్చీ వేస్తే పోతానన్నాడు."

"సరేలే. వాడన్నదే మంచిది." మార్తీ కింద పడ్డ చక్కెర చేత్తో ఊడ్చింది. "నేను రానని చెప్పు. తలనొప్పి అని చెప్పు. కాదు, ఏమీ చెప్పకు."

అప్పుడే ముందు గదిలో బూట్ల చప్పుడైంది. బారెండ్ నొర్టియే భోజనానికి వచ్చాడు.

సొఫాయా వెనక తలుపు దగ్గరికి వచ్చేసరికి తల్లి కొడుక్కి చెప్పేసింది. అతను స్టేషను టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. వంటింట్లో టోపీ తీయడం అలవాటే కాని, చంకలో పెట్టుకుని నిలబడటం అలవాటు కాదు.

"నాకు చాలా కష్టంగా ఉంది, సొఫాయా," అన్నాడు. "ఇన్నేళ్లలో ఒక్క బొత్తం పోలేదు. పోతే తనే కుట్టి పంపేది."

"అవును దొరగారూ."

"రేపే కదా? మేం వస్తాం. మార్తీ, మనిద్దరం వెళ్దాం."

మార్తీ చేతిలో రెండు పొట్లాలున్నాయి. వాటిని బల్ల మీద పెట్టింది. "నాకు తల నొప్పిగా ఉంది," అంది.

"రేపటికి తగ్గుతుంది."

"చావులకి వెళ్లడం మొదలుపెడితే పెళ్లిళ్లకీ పిలుస్తారు," అంది పెద్ద దొరసాని. "కాఫీ ఇచ్చాం. చాలు. ఆ పేటలో క్షయ ఉంది."

"నాన్న వెళ్లేవాడమ్మా. పొలంలో పాలేరు పోతే గుంట దాకా నడిచేవాడు. నేను చూశాను. వాళ్లూ మనుషులే."

"కాదని ఎవరన్నారు? మనుషులే. వాళ్ల చోట వాళ్లు, మన చోట మనం."

"వాళ్ల చోటికే వెళ్తున్నాం. గంట సేపు." బారెండ్ సొఫాయా వైపు తిరిగాడు. "మా సరుకుల షెడ్డులో ఉన్న ఫ్లోరిస్ మీ అన్నే కదా? మంచి పనివాడు. నేను రాకపోతే వాడికి చిన్నతనంగా ఉంటుంది. నేను రెండు మాటలు కూడా మాట్లాడతానని మీ సంఘపెద్దతో చెప్పు."

సొఫాయా మార్తీని చూడలేదు. చూస్తే ఏదో ఒకటి అయిపోతుందని అనిపించింది. కాఫీ, చక్కెర తీసుకుని, "మీ దయ దొరగారూ," అంది.

మెట్లు దిగుతుంటే వెనక పెద్ద దొరసాని గొంతు వినపడింది. "ఏంటే అలా తెల్లబోయావు? పడుకో కాసేపు. చాకలిది పోతే ఇంత దిగులా?"

ఫ్లోరిస్ అంతా విన్నాడు.  గుమ్మంలో కూర్చుని గోళ్లలో బొగ్గు అగ్గిపుల్లతో గీకుతున్నాడు.

"బావగారు మాట్లాడతారా?" అన్నాడు చివరికి. "ఏం మాట్లాడతాడు? బొత్తాల గురించా?"

"ఆయన మంచికే వస్తున్నాడన్నా."

"నాకు తెలుసు. అదే నాకు మంట. చెడ్డవాడైతే వాడి మొహాన ఉమ్మి పొయ్యేవాణ్ని. పిన్నీ, కుర్చీలు రెండు కావాలిప్పుడు. ఒకటి బళ్లో ఉంది. రెండోది?"

"చర్చి వెనక గదిలో ఉంది," అంది సీనా పిన్ని. "సంఘపెద్ద కుపీడో తాతనడిగి నేను తెస్తా. ఇక నువ్వు పోతానంటావా?"

"పోను. అమ్మకి కొడుకునొక్కణ్ని. నేను మొయ్యకపోతే ఎవరు మోస్తారు?" పుల్ల పారేశాడు. "ఇక్కడే గోడకానుకుని ఉంటా. నోరు విప్పను. కానీ ఒకటి. ఎవరన్నా నన్ను మొహం మీద అడిగితే మటుకు, అబద్ధం ఆడను. అమ్మ మీద ఒట్టు."

"అన్నా, పిల్లలున్నారు దానికి."

"నాకూ ఉన్నారు. నా పిల్లలు ఏ బెంచీ తెల్లోళ్లదో, ఏది తమదో బోర్డు చదివి తెలుసుకుంటున్నారు."

సొఫాయా అతని భుజం పట్టుకుంది. అతను వదిలించుకోలేదు.

శనివారం మూడు కాకముందే ఇల్లు నిండింది. గదిలో పట్టనివాళ్లు వాకిట్లో, వాకిట్లో పట్టనివాళ్లు వీధిలో నిలబడ్డారు. పెట్టెను గది మధ్య రెండు బల్లల మీద పెట్టారు. మూత గోడకు ఆనించారు. తల దగ్గర రెండు కుర్చీలు. ఎంత రద్దీలోనూ వాటిలో ఎవరూ కూర్చోలేదు. పక్కనే ఒక ముసలామె నేల మీద కూర్చుంది.

బారెండ్, మార్తీ వచ్చారు. వాకిలి దారిచ్చింది. బారెండ్ నల్ల కోటు వేసుకున్నాడు. మార్తీ బూడిదరంగు గౌను, చేతులకు తొడుగులు, టోపీకి వలముసుగు. ఎవరి మొహమూ చూడకుండా వచ్చి కుర్చీలో కూర్చుంది. కాళ్లు దగ్గరగా పెట్టుకుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. చూపు పెట్టె అంచు మీద, అంచు దాటి లోపలికి పోకుండా.

ఫ్లోరిస్ గోడకానుకుని ఉన్నాడు. టోపీ చేతిలో ఉంది. "దయచేశారు దొరగారూ," అన్నాడు. మార్తీతో ఏమీ అనలేదు.

పాస్టరు గారు వేరే ఊరి సంఘానికి వెళ్లారు కాబట్టి సంఘపెద్ద కుపీడో తాతే ప్రార్థన చేశాడు. కీర్తన పాడారు. ఆడవాళ్లు ఎత్తుకున్న రాగానికి వాకిట్లోని మగవాళ్లు అడుగునుంచి అందుకున్నారు. మార్తీ పెదవులు కదల్లేదు. ఆ కీర్తన ఆమెకు నేర్పింది రాకెలే.

కీర్తన అయింది. మూత వేసే ముందు కడుపున పుట్టినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి నుదురు ముట్టుకుని సెలవు తీసుకోవాలి. వరసగా, పెద్దవాళ్లతో మొదలు. కుపీడో తాత ఈ మాటలు ఎన్ని ఇళ్లలో అన్నాడో అతనికే తెలీదు. ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేశాయి.

"రాకెలమ్మ పెద్దబిడ్డ ముందుకు రావాలి."

సీనా పిన్ని అతని కోటు లాగింది. అప్పటికే అనేశాడు. తాత నోరు తెరిచి, మూసి, బైబిలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

సొఫాయా అన్నవైపు చూసింది. ఇప్పుడు ఫ్లోరిస్ ఒక్క అడుగు ముందుకేస్తే చాలు. పెద్దబిడ్డ అతనే అనుకుంటారు. అందరూ ఊపిరి పీల్చుకుంటారు.

ఫ్లోరిస్ కదల్లేదు. అడుగు వేయడం కూడా అబద్ధమే అతని లెక్కలో. ఆమెకు అర్థమైంది.

గదిలో అందరూ నేల చూస్తున్నారు. ఒక్కరూ కుర్చీవైపు చూడలేదు. అంతమంది ఒకేసారి అటు చూడకపోవడం, చూసినదానికంటే గట్టిగా ఉంది. వాకిట్లో ఒక పసిపిల్ల ఏడ్చింది. ఎవరో దాని నోట్లో వేలు పెట్టారు.

బారెండ్ చుట్టూ చూశాడు. తరవాత భార్యవైపు వంగాడు. మెల్లగానే అన్నాడు కాని, గదిలో అందరికీ వినపడింది.

"మన కోసం ఆగారు మార్తీ. మనముండగా ముందుకు రావడానికి మొహమాటపడుతున్నారు. నువ్వు మొదట వెళ్లు. నువ్వు వెళ్తేగాని వాళ్లు కదలరు."

మార్తీ అతన్ని చూసింది.

"వెళ్లు," అన్నాడు. ఆమె మోచేయి పట్టి లేపాడు. "ఏం కాదు."

ఆమె లేచింది. రెండడుగుల దూరం. కుడిచేతి తొడుగు ఒక్కొక్క వేలే లాగి తీసింది. సీనా పిన్ని కళ్లు మూసుకుంది. దొరసానులు తొడుగు తీయరు. పూలగుత్తి పెట్టెలో వేసి, తల వంచి, తప్పుకుంటారు.

మార్తీ వలముసుగు పైకి ఎత్తింది. అమ్మ మెడ దగ్గర గౌను పట్టీ మడతపడి ఉంది. దాన్ని సరిచేసింది. తరవాత వంగి నుదుటి మీద పెదవులు ఆనించింది.

అక్కడే ఉండిపోయింది.

సొఫాయా మనసులో లే అంది. లే అక్కా. ఇంక చాలు, లే. మార్తీ వీపు ఒకసారి కదిలింది. చప్పుడు లేదు. ఆ వీపు మళ్లీ కదిలితే ఆపడం తనవల్ల కాదని సొఫాయాకు తెలుసు. ఎవరివల్లా కాదు.

బారెండ్ పక్కనే నిలబడి ఉన్నాడు. మొదట అతని మొహంలో ఉన్నది మెప్పు. తన భార్య మంచితనం చూసి మెచ్చుకుంటున్న మొగుడి మొహం. సొఫాయా ఆ మొహాన్నే చూస్తోంది. అందుకే మెప్పు పోయిన క్షణం కూడా చూసింది. అతను పెట్టెలో ఉన్న మొహాన్ని చూశాడు. దాని మీదికి వంగిన మొహాన్ని చూశాడు. రెండూ పక్కపక్కన, ఒక బెత్తెడు ఎడంలో ఉన్నాయి. తల ఎత్తి ఫ్లోరిస్‌ను చూశాడు. మళ్లీ పెట్టెను చూశాడు.

మార్తీ నిటారుగా లేచింది. ముసుగు దించుకుంది. వచ్చి కూర్చుంది. కళ్లు పొడిగా ఉన్నాయి.

తరవాత ఫ్లోరిస్ వెళ్లాడు. తరవాత సొఫాయా. అమ్మ నుదురు చల్లగా ఉంది.

"దొరగారు రెండు మాటలు చెప్తామన్నారు," అన్నాడు కుపీడో తాత తొందరగా.

బారెండ్ గొంతు సవరించుకున్నాడు. అతను చెప్పాలనుకున్నది మర్చిపోయినట్టు కనపడింది. జనం వైపు కాక ఫ్లోరిస్ వైపు తిరిగాడు.

"ఫ్లోరిస్, మీ అమ్మకి నువ్వే పెద్దవాడివా?"

మొహం మీదే అడిగాడు. స్టేషన్లో పని పురమాయించే గొంతు కాదు అది. సొఫాయా ఎన్నడూ వినని గొంతు.

మార్తీ తొడుగు లేని చెయ్యి కుర్చీ చేతిని పట్టుకుంది.

"కాదు దొరగారూ," అన్నాడు ఫ్లోరిస్.

సొఫాయా పెట్టె అంచు పట్టుకుంది.

"నా ముందు ఒక అక్క ఉండేది."

"ఉండేదా?"

ఫ్లోరిస్ కుర్చీవైపు చూశాడు. ఆమె ఆ ఇంట్లోకి వచ్చాక మార్తీని అతను చూడటం అదే మొదటిసారి. ఆమె కూడా చూసింది. ఇద్దరూ ఎంతసేపు అలా ఉన్నారో సొఫాయాకు తెలీలేదు.

"చచ్చిపోయింది దొరగారూ," అన్నాడు. "చిన్నప్పుడే."

సీనా పిన్ని ఊపిరి వదిలింది. ఆమెన్ అన్నాడు వెనక ఎవరో, ఎందుకో తెలీకుండా. ఫ్లోరిస్ మొహం చూస్తే అతను అబద్ధం ఆడినట్టు లేదు. సొఫాయాకు అది అన్నిటికంటే భయంగా ఉంది. అక్కవైపు చూసింది. మార్తీ కుర్చీలో కదలకుండా కూర్చుంది, తన చావుకబురు విని.

కుపీడో తాత సైగ చేశాడు. మూత తెచ్చారు. మేకులు దిగాయి. మోసేవాళ్లు టోపీలు జేబుల్లో పెట్టుకున్నారు. ఫ్లోరిస్ తలవైపు చోటు తీసుకోవడానికి వంగాడు.

బారెండ్ నొర్టియే అతని పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"నన్ను కూడా పట్టనీ," అన్నాడు.

మోసేవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకతను పక్కకు జరిగాడు. బారెండ్ కోటు చెయ్యి పైకి మడిచి పెట్టె కింద భుజం పెట్టాడు. ఫ్లోరిస్ భుజానికి ఎదురుగా, ఇవతల. ఇద్దరి మధ్య రాకెల్ ఉంది.

"మీ అక్కని కూడా ఈ సమాధుల తోటలోనే పెట్టారా?" అన్నాడు.

ఫ్లోరిస్ పెట్టె కింద భుజం సర్దుకున్నాడు.

"వెళ్లాక ఎక్కడో చూపించు. నేనూ మార్తీ ఒక పువ్వు పెడతాం." అని వెనక్కి చూశాడు. "రా మార్తీ. నాకు కనపడేలా ముందు నడువు."

పెట్టె గుమ్మం దాటింది. పేట చివర సమాధుల తోట గేటు ఇక్కణ్నించే కనపడుతోంది.